హంస కారు నుండి అంబాసిడర్ వరకు: కోల్‌కతాలో ఒక ఆదివారం

కార్యాలయపు పనిమీద కోల్‌కతా వెళ్ళిన ప్రతిసారీ హౌరా స్టేషను, అతిథిగృహం, సమావేశ మందిరం చూచి తిరుగు రైలు ఎక్కడమే నాకు అలవాటు. కాళీఘాట్, దక్షిణేశ్వరాలకైనా ఇంటివారి కోరికపై ప్రసాదం తేవడానికి వెళ్ళినవాడినే. కొన్నేళ్ళ క్రితం ఒక శీతకాలంలో మాత్రం సమావేశం సోమవారానికి వాయిదా పడి, ఒక ఆదివారమంతా నా చేతికి చిక్కింది. ఆనాడు చూచిన రెండు దృశ్యాలను మన పత్రిక పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉదయం పాతకార్ల ర్యాలీకి వెళ్ళాను. ‘స్టేట్స్‌మన్’ దినపత్రిక 1968లో ప్రారంభించిన వేడుక ఇది. లేత ఎండలో ఇత్తడి దీపాలు మెరుస్తున్నాయి. యజమానులు పంచెకట్టుతో, శాలువలతో వచ్చి తమ బండ్లను మెత్తని గుడ్డతో తుడుచుకొంటున్నారు. భారీ కార్ల వరుస చివర ఒక చిన్న ఇటలీ కారు నన్ను ఆకర్షించింది. అది ఫియట్ టోపోలినో. ఇటాలియన్ భాషలో ఆ మాటకు చిట్టెలుక అని అర్థం. దాని ముందు నిలబడిన నన్ను చూచి వృద్ధుడైన యజమాని, “ముందు నుండి కాదు, పక్కనుండి చూడండి” అన్నారు.

చూచాను. ముక్కుభాగం ఏటవాలుగా నేల వైపు వాలి ఉన్నది. 1936లో ఈ కారును రూపొందించిన డాంటే జియాకోసా 569 సీసీల ఇంజనును ముందు ఇరుసుకంటే ముందుకు జరిపి, రేడియేటరును దాని వెనుక, కాస్త ఎత్తున అమర్చాడు. రేడియేటరు ముందు లేకపోవడంవల్ల ముక్కును వాల్చడానికి వీలు కలిగింది. లోపలి అమరికే పైరూపాన్ని నిర్ణయించింది. అందాన్ని చివర పూసే రంగుగా భావించే నావంటి ఇంజనీరుకు అది చక్కని పాఠం.

మాటల్లో ఆ పెద్దమనిషి కలకత్తా హంస కారును గుర్తు చేశారు. ఆ నగరంలో నివసించిన మాథ్యూసన్ అనే స్కాట్లండ్ ఇంజనీరు కోరికపై 1910లో ఇంగ్లండులోని బ్రూక్ సంస్థ దానిని నిర్మించింది. కారు ముందుభాగమంతా కొయ్యతో చెక్కిన హంస. బంగారు రేకుల తామర అలంకారాలు, విద్యుద్దీపాలతో వెలిగే కన్నులు, దారికి అడ్డం వచ్చినవారిపై ఆవిరి చిమ్మే ముక్కు దాని విశేషాలు. వీధిలోకి రాగానే జనం కకావికలు కావడంతో పోలీసులు దానిని నిషేధించారట. తరువాత అది నాభా సంస్థానాధీశుల చేరువకు, చివరకు 1991లో నెదర్లాండ్స్‌లోని ఒక మ్యూజియానికి చేరింది. నాలుగేళ్ళ తరువాత, 1914లో, ఇటలీలో కౌంట్ రికొట్టి అనే ప్రభువు కోసం కాస్టాన్యా సంస్థ ఆల్ఫా కారుపై నీటిబొట్టు వంటి లోహపు తొడుగును నిర్మించింది. హంస కారు చూపరులను ఆశ్చర్యపరచడానికి పుట్టినది. ఆల్ఫా గాలిని చీల్చుకొని పోవడానికి పుట్టినది. ఈ రెండవ మార్గాన్నే ఇటలీవారు ఒక సంప్రదాయంగా మలచుకొన్నారు.

అమ్మకానికి కాక, రేపటి ఆలోచనను పరీక్షించడానికి తయారయ్యే వాహనాన్నే కాన్సెప్ట్ కారు అంటారు. ట్యూరిన్ నగరంలోని బెర్టోనే సంస్థలో ఫ్రాంకో స్కాలియోనే 1953, 1954, 1955లలో రూపొందించిన మూడు ‘బాట్’ కార్లు ఇందుకు మేలిమి ఉదాహరణలు. వెనుక రెక్కలు లోనికి ముడుచుకొన్న తీరు పక్షిని తలపిస్తుంది. కానీ అది వట్టి అలంకారం కాదు, కారు వెనుక లేచే గాలి సుడులను అణచే ఏర్పాటు. మొదటిదానికి గాలి నిరోధక గుణకం 0.23. రెండవదానికి 0.19. అదే సంస్థలో మార్చెల్లో గాండినీ 1970లో గీసిన స్ట్రాటోస్ జీరో ఎత్తు 84 సెంటీమీటర్లే. ముందు అద్దమే దాని తలుపు. చూచినవారికి అది పిచ్చి ఊహగా తోచి ఉంటుంది. కాని ఆ ఊహనుండే పుట్టిన లాన్సియా స్ట్రాటోస్ 1974 నుండి 1976 వరకు వరుసగా మూడేళ్ళు ప్రపంచ ర్యాలీ విజేతగా నిలిచింది.

మధ్యాహ్నం హౌరాలో లోకల్ రైలెక్కి, ఉత్తర్‌పాడా దాటగానే వచ్చే హింద్‌మోటర్ స్టేషనులో దిగాను. ఒక కర్మాగారం పేరే స్టేషను పేరైనది. 1942లో గుజరాత్‌లో మొదలైన హిందుస్థాన్ మోటార్స్ 1948లో ఇక్కడికి తరలింది. 1950వ దశకం చివరినుండి అంబాసిడర్ ఇక్కడే తయారైంది. దానికి మాతృక ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి. ఇంగ్లండులో 1959లోనే ఆ కారు తరువాతి రూపాన్ని ట్యూరిన్‌కు చెందిన పినిన్‌ఫరీనా గీశారు. వంపుల స్థానంలో సూటి రేఖలు, వెనుక చిన్న రెక్కలు వచ్చాయి. ఆ ఇటలీ గీత హుగ్లీ తీరానికి చేరలేదు. పాత వంపులే ఇక్కడ అయిదు దశాబ్దాలకు పైగా నిలిచాయి.

పక్కనుండి చూడమన్న ఉదయపు మాట గుర్తుకు వచ్చి, రోడ్డు పక్కన ఆగిన పసుపు టాక్సీని అలాగే చూచాను. తలపాగా తగలనంత ఎత్తైన గుండ్రని పైకప్పు, వెడల్పైన సీటు, కుటుంబమంతటి సామానును భరించే వెనుక డిక్కీ. దానిది మన రోడ్లకు, మన కుటుంబాలకు ఒదిగిన రూపమే. నా పెళ్ళి ఊరేగింపు కారు కూడా అదే. దానిని తక్కువ చేయడానికి నాకు మనసొప్పదు.

కాని 1983లో మారుతి వచ్చింది. తరువాత ఇటాల్‌డిజైన్ సంస్థ లూచోలా అనే కాన్సెప్ట్ కారు ఆధారంగా డేవూ మాటిజ్ 1998లో మన వీధులలోకి వచ్చింది. గిరాకీ లేక, నిధుల కొరతతో ఉత్తర్‌పాడా కర్మాగారంలో 2014 మే నెలలో పని నిలిచిపోయింది. కారణాలు అనేకం ఉండవచ్చు. రేపటి బండిని సకాలంలో గీసుకోకపోవడం వాటిలో ఒకటని ఇంజనీరుగా నా అభిప్రాయం.

స్టేషను వద్ద టీ అమ్మే నడివయస్కుడు ఒకప్పుడు లోపల పనిచేసినవాడే. మట్టి పిడతలో టీ అందిస్తూ నా ఉద్యోగం గురించి అడిగాడు. చెప్పాను. కొంతసేపు ఊరుకొని, “మీ ఫ్యాక్టరీ నడుస్తున్నదా దాదా?” అన్నాడు.

“నడుస్తున్నది” అన్నాను. ఆ ఒక్క మాట పలకడానికి నాకు ఎందుకో కొంత వ్యవధి పట్టింది.

మన టౌన్‌షిప్‌లోనూ సైరను మోగగానే పిల్లలు బడికి బయలుదేరుతారు. ఆ సైరను ఎల్లకాలం మోగుతూ ఉండాలంటే నేటి ఉత్పత్తి లక్ష్యాలతోపాటు, మన కార్యాలయంలో ఎక్కడో ఒక బల్లమీద, ఎవరూ అడగని రేపటి బొమ్మ కూడా గీస్తూ ఉండాలి. అది మొదట హంస కారువలె నవ్వు తెప్పించినా ఫరవాలేదు. తిరుగు ప్రయాణంలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ కిటికీ పక్కన కూర్చొని, చాలా ఏళ్ళ తరువాత, నా నోటుపుస్తకంలో పెన్సిలుతో ఒక బొమ్మ మొదలుపెట్టాను.