ఐదో నెల రిపోర్టు దాచినందుకు

మా అమ్మాయికి తొలి కాన్పు. ఐదో నెలలో తీయించిన టిఫా స్కాన్ రిపోర్టు నేను ఆమెకు చూపించలేదు. అల్లుడికీ చెప్పలేదు. "అంతా బాగుందన్నారమ్మా" అని ఒక్క మాటతో సరిపెట్టి, కాగితాలు బీరువాలో పెట్టేశాను. కావలి చుట్టుపక్కల బడుల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంట్లో ఆసుపత్రి వ్యవహారాలన్నీ నా చేతి మీదుగానే జరిగేవి. కాబట్టి ఈ తప్పులో ఇంకొకరి వాటా లేదు. ఇలాంటి కాగితమే చేతిలో పెట్టుకుని ఇవాళ ఏ తండ్రో, ఏ అత్తగారో నాలాగే ఆలోచిస్తుండొచ్చు. వాళ్ల కోసమే రాస్తున్నాను.

ఆ రిపోర్టులో మెదడు, వెన్ను, మూత్రపిండాలు అన్నీ బాగున్నాయి. గుండె దగ్గర మాత్రం రెండు వాక్యాలు ఎక్కువ ఉన్నాయి. గుండెలోంచి బయల్దేరే రెండు పెద్ద రక్తనాళాలు ఉండాల్సిన తీరులో కనపడటం లేదు, ఫీటల్ ఎకో (కడుపులో బిడ్డ గుండెకు చేసే స్కాన్) చేయించి నిపుణులకు చూపించండి అని. స్కాన్ తీసిన డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి మరీ చెప్పింది. "జబ్బుందని నేను అనటం లేదు సార్. అనుమానం. కడుపులో బిడ్డ గుండె చూసే డాక్టర్లు వేరే ఉంటారు. నెల్లూరులో కాకపోతే చెన్నైలో. ఆలస్యం మాత్రం చేయొద్దు." ఆమె చేయాల్సింది ఆమె చేసింది.

నేనెందుకు దాచాను? పైకి చెప్పుకున్న కారణం, కడుపుతో ఉన్న పిల్ల బెంగ పెట్టుకుంటుందని. అసలు కారణం వేరే. మా అల్లుడు మా అక్క కొడుకు. "సొంతంలో వద్దండీ, రేపు పిల్లలకేదన్నా అయితే ఎవరిని అనాల?" అని పెళ్లికి ముందే నా భార్య మొత్తుకుంది. పట్టుబట్టి చేసింది నేను. ఆ రిపోర్టు బయటపడితే అందరి వేళ్లూ నా వైపే చూపిస్తాయని భయపడ్డాను. మనవడి గుండె కంటే నా మాట పోతుందేమోనన్న దిగులే నాకు పెద్దదైపోయింది. ఈ వాక్యం రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

నా భయానికి కావలి ట్రంకు రోడ్డు మీద ధైర్యం దొరికింది. తెలిసిన ఒకాయన్ని అడిగాను. "స్కాన్లోళ్లు అట్నే రాస్తారు సారూ. మా కోడలికి కూడా గుండెలో తెల్లచుక్క ఉందన్నారు. పిల్లోడు శుభ్రంగా ఉన్నాడు" అన్నాడు. నాకు కావలసిన మాట అదే. ఆయన చెప్పింది అబద్ధం కాదు. స్కాన్లో గుండెలో కనపడే తెల్లచుక్క, ఇంకే లోపమూ లేనప్పుడు, చాలావరకు ఏ హానీ చేయదు. కానీ ఆయన కోడలి రిపోర్టు వేరు, మా అమ్మాయి రిపోర్టు వేరు. ఆ మాత్రం తేడా లెక్కల అయ్యోరికి తెలియదా? తెలుసుకోదలచలేదు. కాన్పు డాక్టరు అడిగినప్పుడు "వచ్చే నెల తీయిస్తామండీ" అన్నాను. ఏడో నెలలో సీమంతం చేశాం. గాజులు తొడిగారు, పసుపు కుంకుమ పంచారు. ఎకో తీయించలేదు.

కావలిలోనే ఒక నర్సింగ్ హోంలో సిజేరియన్ అయింది. మగపిల్లాడు. గట్టిగా ఏడ్చాడు, బరువు బాగుంది. మరుసటి రోజు సాయంత్రానికి పాలు తాగడం మానేశాడు. నర్సమ్మ గుడ్డ తొలగించి చూస్తే గోళ్లు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ముక్కుకు ఆక్సిజన్ పెట్టినా పాదానికి కట్టిన మిషన్లో అంకె పెరగలేదు. పిల్లల డాక్టరు వచ్చి చూసి, "ఆక్సిజన్‌కు లొంగటం లేదంటే ఊపిరితిత్తి కాకపోవచ్చు, గుండె అయ్యుంటుంది. స్కాన్లో ఏమన్నా చెప్పారా?" అని అడిగాడు. అందరూ నా వైపు చూశారు. అప్పుడు చెప్పాను.

రాత్రికి రాత్రి నెల్లూరు, అక్కడ ఎకో, ఒక మందు డ్రిప్పు, తెల్లారేసరికి చెన్నై దారి. అంబులెన్సులో అల్లుడూ నేనూ. పిల్లాడి పక్కన చిన్న పంపు, అందులో సిరంజి. ఆ మందు ఒక్క క్షణం ఆగినా ప్రమాదమని వెంట వచ్చిన నర్సు దాని మీదినుంచి కళ్లు తీయలేదు. నాయుడుపేట దాటాక అల్లుడు "మామా, ముందే చెప్పుంటే..." అని ఆపేశాడు. మిగతా మాట అనలేదు. కుట్లతో లేవలేని తల్లి మాత్రం కావలిలోనే ఉండిపోయింది. రొమ్ములు గడ్డలు కట్టి, పాలు పిండి పారబోసుకుంటూ, బిడ్డ ఉన్నాడో లేడో ఫోన్లో తెలుసుకుంటూ గడిపింది. నా తప్పుకు అందరికంటే ఎక్కువ శిక్ష అనుభవించింది ఆ పిల్ల.

జబ్బేమిటో చెన్నైలో డాక్టరు కాగితం మీద గీసి చూపించాడు. ఒంటికి రక్తం పంపాల్సిన పెద్ద నాళం, ఊపిరితిత్తులకు పంపాల్సిన నాళం ఒకదాని చోట ఒకటి పుట్టాయి. మంచి రక్తం ఊపిరితిత్తుల్లోనే తిరుగుతోంది, చెడు రక్తం ఒంట్లోనే తిరుగుతోంది. కడుపులో ఉన్నన్నాళ్లూ మావి ద్వారా తల్లి ఆక్సిజన్ అందుతుంది కాబట్టి బిడ్డకు ఏమీ కాదు. పుట్టాక ఆ రెండు దారుల మధ్య ఉండే చిన్న నాళం ఒకటి రెండు రోజుల్లో మూసుకుపోవడం మొదలవుతుంది. కష్టం అక్కడ వస్తుంది. అది మూసుకోకుండా ఆపేదే మేము డ్రిప్పులో చూసిన మందు, ప్రోస్టాగ్లాండిన్. ఆ తర్వాత తొలి వారాల్లోనే రెండు నాళాలనూ కోసి వాటి వాటి చోట్ల కుట్టాలి. ఆ ఆపరేషన్‌ను 1975లో బ్రెజిల్ డాక్టరు అదీబ్ జతేనె మొదటిసారి విజయవంతం చేశాడు. ఇప్పుడు మన దేశంలోనూ చేస్తున్నారు. మా మనవడికీ చేశారు. బతికాడు. బడికి పోతున్నాడు.

బతికాడు కదా అని నా తప్పు చిన్నదైపోదు. "అయిదో నెలలో వచ్చుంటే ఏం చేసుండేవారు?" అని ఆ డాక్టరును అడిగాను. ఆయన కోప్పడలేదు. "కడుపులో ఆపరేషన్ ఏమీ ఉండేది కాదు. తొమ్మిదో నెలలో తల్లిని ఇక్కడికి రమ్మనేవాళ్లం. కాన్పు ఇక్కడే. బిడ్డ బయటికి రాగానే మందు మొదలు. తల్లి ఒక వార్డులో, బిడ్డ పక్క వార్డులో" అన్నాడు. కావలి నుంచి చెన్నైకి సుమారు 230 కిలోమీటర్లు. ఆ దూరం బిడ్డ అమ్మ కడుపులో హాయిగా రావాల్సింది. నీలిరంగు తిరిగి, గొట్టాలతో వచ్చాడు.

కడుపులో బిడ్డకు కూడా ప్రత్యేక వైద్యం ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఫీటల్ మెడిసిన్ అంటారు. తల్లికి కాన్పు చేసే డాక్టరు, పుట్టాక పిల్లల డాక్టరు మనకు తెలుసు. ఈ ఇద్దరి నడుమ ఉండేవాడు ఫీటల్ మెడిసిన్ డాక్టరు. అనుమానం ఉన్నచోట నిదానంగా మళ్లీ స్కాన్ చేస్తాడు. అవసరమైతే ఉమ్మనీరు తీసి జన్యువుల పరీక్షకు పంపుతాడు. పిల్లల గుండె డాక్టరునో సర్జన్‌నో బిడ్డ పుట్టకముందే మనతో కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు. ఎక్కడ, ఎప్పుడు, ఎలా కనాలో తేలుస్తాడు. కొన్నిటికి కడుపులోనే వైద్యం ఉంది. తల్లీబిడ్డల రక్తం పడక బిడ్డ రక్తం విరిగిపోతుంటే కడుపులోనే రక్తం ఎక్కించవచ్చని న్యూజిలాండ్‌లో విలియం లైలీ 1963లో చూపించాడు. కాలిఫోర్నియాలో మైకేల్ హారిసన్ 1981లో గర్భం తెరిచి బిడ్డకు ఆపరేషన్ చేశాడు. మనకు దగ్గర్లో చెన్నైలో మెడిస్కాన్, హైదరాబాదులో ఫెర్నాండెజ్ ఆసుపత్రి ఈ విద్యలో పేరున్నవి. మా మనవడు పుట్టినప్పుడు తిరుపతిలో చిన్నపిల్లల గుండె ఆసుపత్రి లేదు. తిరుమల తిరుపతి దేవస్థానం పెట్టిన శ్రీ పద్మావతి హృదయాలయం 2021 అక్టోబరులో మొదలైంది. పుట్టే ప్రతి వెయ్యి మందిలో సుమారు ఎనిమిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది కాబట్టి ఆ కబురు ప్రతి కాన్పు ఇంటికీ తెలిసుండాలి.

రెండోసారి అమ్మాయి నీళ్లోసుకున్నప్పుడు కాగితాలు నా చేతికి రాలేదు. ఆమే తీసుకుంది. మూడో నెల చివర్లో ఎన్‌టీ స్కాన్, పద్దెనిమిది ఇరవై రెండు వారాల మధ్య టిఫా, ఆ తర్వాత ఫీటల్ ఎకో. గుండె బాగుంది. అయితే ఒక మూత్రపిండంలో కొంచెం వాపు ఉందన్నారు. నా గుండె మళ్లీ జారింది. అమ్మాయి మాత్రం "నాయనా, అడిగి తెలుసుకుందాం" అంది. నిపుణుడు చూసి, ఇలాంటివి చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి, ఎనిమిదో నెలలో ఒకసారి, పుట్టాక ఒకసారి చూస్తే చాలన్నాడు. అలాగే సర్దుకుంది. మొదటి అనుమానం నిజమైంది, రెండోది తేలిపోయింది. ఏది ఏదో చెప్పడానికి నిపుణుడు కావాలి. నా ఊహ, ఆ పరిచయస్తుడి మాట పనికిరావు.

మేనరికం సంగతీ అప్పుడే అడిగాను. సొంతంలో చేసుకుంటే పుట్టుకతో వచ్చే లోపాల అవకాశం మామూలు కంటే పెరుగుతుంది, దాదాపు రెట్టింపు అన్నారు. అయినా ఎక్కువమందికి బిడ్డలు ఆరోగ్యంగానే పుడతారు, మీ మనవడి జబ్బుకు అదే కారణమని చెప్పలేం అన్నారు. ఏ నింద పడుతుందని నేను రిపోర్టు దాచానో, ఆ నింద వేయడానికే గట్టి ఆధారం లేదు. మేనరికం ఉన్న ఇళ్లలో పరీక్షలు ఇంకా శ్రద్ధగా చేయించాలి. నేను దానికి సరిగ్గా ఎదురు చేశాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. కొన్నిసార్లు లోపం చాలా పెద్దదై ఉండొచ్చు. అప్పుడు గర్భం ఉంచుకోవాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. 2021లో సవరించిన చట్టం ప్రకారం బిడ్డలో తీవ్రమైన లోపం ఉంటే 24 వారాలు దాటాక కూడా మెడికల్ బోర్డు అనుమతితో గర్భస్రావం చేయించుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ విషయంలో చట్టం అడిగేది ఆమె సమ్మతి ఒక్కటే. తండ్రిదీ కాదు, భర్తదీ కాదు. మా అమ్మాయికి ఆ పరిస్థితి రాలేదు. వచ్చి ఉంటే, ఆమె తేల్చుకోవాల్సిన విషయాన్ని ఆమెకు తెలియకుండానే నేను తేల్చేసినవాణ్ణి అయ్యేవాణ్ణి.

కాబట్టి పెద్దలకు నా మనవి. రిపోర్టు ముందు కడుపుతో ఉన్న పిల్ల చేతికివ్వండి. అనుమానం రాశారంటే ఆ వారమే డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి: దీన్ని ఎవరికి చూపించాలి? ఏ తేదీలోపల? కాన్పు ఎక్కడ పెట్టుకోవాలి? జవాబులు కాగితం మీద రాయించుకోండి. ఆడా మగా అని అడగొద్దు. 1994 చట్టం ప్రకారం అది నేరం. బిడ్డ బాగుందా అని ఎన్నిసార్లయినా అడగండి. చేతిలో డబ్బు లేదని ఆగిపోవద్దు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, అక్కడ రిపోర్టు చూపించి పెద్దాసుపత్రికి రాయించుకోండి. పిల్ల బెంగ పెట్టుకుంటుందని మాత్రం దాచకండి. బెంగ పడే తల్లికి మీరు తోడుండొచ్చు. దాచి పోగొట్టిన వారాలు మీరు ఆమెకు తిరిగి ఇవ్వలేరు.