గాలివాటం

నేలమీద ప్రయాణానికి సన్నద్ధుడయ్యేవాడు ముందుగా చూడదగిన ప్రదేశాల పట్టిక రాసుకొంటాడు. రైలు వేళలూ బస వసతులూ ఆ పట్టికను అనుసరించి వస్తాయి. తెరచాప పడవలో వారం రోజులు దీవుల మధ్య విహరించదలచినవాడికి ఈ పద్ధతి పనికిరాదు. అతని పట్టికలో మొదట చేరవలసినవి తలదాచుకొనే చోట్లు. అందాలు ఆ తరువాతివి. ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలోని విట్‌సండే దీవులకు బయలుదేరేవారు పటం విప్పిన తొలిరోజే ఈ సంగతి గ్రహిస్తారు.

క్వీన్స్‌లాండ్ తీరానికీ, గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే మహా పగడపు దిబ్బల వరుసకూ నడుమ 74 దీవులు పరచుకొని ఉన్నాయి. చివరి హిమయుగం ముగిసి సముద్రమట్టం పెరిగినప్పుడు మునిగిపోగా మిగిలిన పర్వత శిఖరాలే ఇవి. అందుకే వాటి ఒడ్డులు చాలాచోట్ల నిటారుగా ఉంటాయి. ఒకనాటి లోయలు నేడు సన్నని సముద్రపు పాయలై దీవుల లోపలికి చొచ్చుకుపోయాయి. 1770 జూన్ 3న జేమ్స్ కుక్ ఈ జలమార్గం గుండా సాగుతూ, ఆనాడు పెంతెకొస్తు ఆదివారమని దానికి విట్‌సండే అని పేరు పెట్టాడు. తమాషా ఏమిటంటే, ఇంగ్లండు నుండి పడమరగా వచ్చిన ఆ నావికుడు తేదీ సవరించుకోలేదు. నేటి లెక్క ప్రకారం అక్కడ ఆనాడు సోమవారం! సముద్రానికి మాత్రం ఆ తేడా పట్టలేదు.

ఇక్కడ వృత్తి నావికుడు తోడులేకున్నా, ప్రత్యేకమైన లైసెన్సు లేకున్నా పడవను అద్దెకు తీసుకోవచ్చు. అద్దెకిచ్చేవారు కొన్ని గంటలపాటు తెరచాప, చుక్కాని, లంగరుల మర్మాలు బోధిస్తారు. నిత్యం నియమిత వేళల్లో రేడియోలో పలకరిస్తారు. చీకటి పడ్డాక పడవ కదలరాదన్నది వారి కట్టడి. రెండు పొట్టల పడవ కావాలనుకొనేవారు కాటమరాన్ అడుగుతారు. తమిళుల కట్టుమరమే ఆ మాటకు మూలం. మన తీరంలో దుంగలు కట్టి చేసే తెప్ప దాని సోదరి. ఆ పేరు మన సముద్రం నుండి అంతదూరం ప్రయాణించి, విలాసపు పడవకు అతుక్కొన్నది.

కాలనిర్ణయంలో చాలామంది తొందరపడతారు. మన వేసవి సెలవులు అక్కడ శరత్కాలం. ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు ఆగ్నేయం నుండి వ్యాపార పవనాలు వీస్తాయి. వాటి బలం కొన్నిరోజులు ఉల్లాసకరం, కొన్నిరోజులు దుస్సహం. నవంబరు నుండి ఏప్రిల్ వరకు తుఫానుల భయం ఉంది. 2017 మార్చి 28న డెబ్బీ తుఫాను ఈ తీరాన్నే తాకి, దీవుల్లోని విడిదులనూ పగడాలనూ దెబ్బతీసింది. అక్టోబరు నుండి మే వరకు విషపు జెల్లీచేపలు తిరుగుతాయి కనుక ఒంటినిండా దుస్తులు ధరించి నీటిలో దిగాలి. అంటే లోపంలేని మాసం ఏదీ లేదు. ఏ లోపాన్ని భరించగలమో ఎవరికి వారు తేల్చుకోవలసిందే.

ఇక దారి. ఎవరి మనసైనా ముందుగా వైట్‌హేవెన్ అనే ఏడు కిలోమీటర్ల తెల్లని ఇసుకతీరం మీదికే పోతుంది. అది విట్‌సండే దీవికి తూర్పువైపున ఉన్నది. పడవ 5 నాట్ల వేగంతో పోతుందనుకొంటే 15 నాటికల్ మైళ్లకు మూడు గంటలు. కాగితం మీద లెక్క ఇంత తేలిక. అయితే ఇక్కడ పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం మూడు నాలుగు మీటర్ల దాకా మారుతుంది. ఆ నీరంతా దీవుల మధ్య ఇరుకు సందుల గుండా పరుగెత్తవలసిందే. ప్రవాహం ఒకవైపు, గాలి దానికి ఎదురైతే అలలు నిటారుగా లేచి పడవను కుదిపివేస్తాయి. అదే సందు రెండు గంటల తరువాత చెరువులా ఉండవచ్చు. కాబట్టి ఆటుపోట్ల పట్టిక చూడకుండా నిద్రలేచే వేళను సైతం నిర్ణయించడం తగదు. మూడుగంటల ప్రయాణానికి ఒక పూట ఎదురుచూపు జోడించనివాడి ప్రణాళిక మొదటి మలుపులోనే చెదరిపోతుంది.

అనుభవజ్ఞులు వారాన్ని వెనుకనుండి కట్టుకొస్తారు. ఆఖరి రాత్రి రేవుకు చేరువలో గడపాలి. మరునాటి విమానం కోసం చెడుగాలిలో తెగించడం కంటె ప్రమాదం లేదు. మొదటిరోజు ప్రయాణం చిన్నదిగా ఉండాలి. దూరపు చోట్లు నడుమ. ఒకరోజును ఖాళీగా వదలాలి. పైగా ప్రతిరాత్రికీ రెండు లంగరు తావులు గుర్తుపెట్టుకోవాలి: ఒకటి ఆగ్నేయపు గాలికి చాటైనది, మరొకటి ఉత్తరపు గాలికి చాటైనది.

ఆగ్నేయపు గాలికి పేరుపొందిన చాటు హుక్ దీవిలోని నారా పాయ. రాత్రికి అక్కడ పడవలు వరుసగా ఆగుతాయి. ఆ ఒడ్డున కొండచరియ కింద ఒక గుహ ఉన్నది. దాని గోడలమీద ఙారో జాతివారి వర్ణచిత్రాలున్నాయి. ఈ పాయలో సుమారు 9000 సంవత్సరాల నాటి మానవ నివాసపు ఆధారాలు దొరికాయి. చెట్టుబెరడు పడవలతో ఈ జలాలను దాటిన ఆ ప్రజలు ఎన్నుకొన్న చాటునే నేటి యాత్రికుడు యంత్రాలతో వెదకి చేరుకొంటున్నాడు! గుహకు వెళ్లే బాటకు యాత్రలో ఒక ఉదయం కేటాయించకపోవడం అన్యాయమే అవుతుంది.

లంగరు వేసే చోటు గాలినిబట్టి మాత్రమే కాదు, అడుగున ఉన్నదాన్నిబట్టి కూడా ఎంచాలి. ఇసుక అయితే మేలు. పగడాలమీద పడ్డ ఇనుము, దాని వెంట ఈడ్చుకుపోయే గొలుసు, ఎన్నో ఏళ్లు పెరిగిన జీవరాశిని ఒక్క రాత్రిలో పిండి చేస్తాయి. అందుకే కొన్ని తీరాల్లో తెల్లని గోపురాకారపు తేలుగుర్తులు హద్దు చూపుతాయి. వాటికి ఒడ్డువైపున లంగరు నిషిద్ధం. పడవ కట్టుకొనేందుకు ప్రభుత్వం వేరుగా బోయాలు ఏర్పాటు చేసింది. అవి ముందుగా వచ్చినవారివి. అవి నిండిపోతే ఎక్కడికి పోవాలో ముందే తెలిసి ఉండాలి.

బియ్యం, పప్పులు, మంచినీరు లెక్కించి ఎక్కించేసరికి తీరంలో ఒక పూట గడుస్తుంది. నీటిని వృథా చేయరాదని పిల్లలకు నేర్పడానికి ఇంతకంటె మంచి బడి ఉండదు. తాడు విప్పేముందు పటం మరొకసారి పరుస్తారు. వైట్‌హేవెన్ పేరు మూడవ రోజు నుండి నాలుగవ రోజుకు జరుగుతుంది. ఆ సాయంత్రం రేడియోలో ప్రశ్న వినబడుతుంది: ఎక్కడ ఆగారు, అందరూ క్షేమమా, రేపు ఎటు? మొదటి రెండింటికీ జవాబు చెప్పి, మూడవదానికి ఉదయపు గాలి వార్త విన్నాక చెబుతామంటారు.