ఉక్కపోతకు మందు చీటీ

పోర్ట్‌బ్లెయిర్‌లో థర్మామీటరు మాట నమ్మితే ఒంటికి ఏ బాధా ఉండకూడదు. ఏడాది పొడుగునా దాదాపు 23, 32 డిగ్రీల మధ్యే తిరుగుతుంది. మే నెల విజయవాడ చూసినవాళ్లకు ఇది స్వర్గం. కానీ గాలిలో తేమ నూటికి ఎనభై దాకా ఉంటుంది, రెండు రుతుపవనాలూ కలిసి 3,000 మిల్లీమీటర్ల వాన కురిపిస్తాయి. 2024లో ఊరి పేరు శ్రీవిజయపురం అయింది గానీ, ఉక్క మాత్రం తగ్గలేదు.

అక్కడ ప్రాక్టీసు చేసే ఓ తెలుగు డాక్టరు దగ్గరికి జంగ్లీఘాట్‌లోని చేపల వేటకారులు ఎక్కువగా వస్తారు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఒకాయన లుంగీ ముడి కాస్త వదులు చేసి చూపించాడు: నడుం చుట్టూ ఎర్రటి అంచుతో వలయాలు, మధ్యలో చర్మం పలచబడి మెరుస్తోంది. తామర. మందుల షాపులో ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ కలిసిన క్రీము నెలల తరబడి రాశాడు. దురద తగ్గింది, తామర పాకింది.

“గాలాడితే ఏటీ లేదు డాట్రుబాబూ. ఆగిందా, మరింకేటి సెప్పమంటారు?”

ఆయన చెప్పింది శరీరధర్మ శాస్త్రమే. లీటరు చెమట పూర్తిగా ఆరితే ఒంట్లోంచి సుమారు 580 కిలోకేలరీల వేడిని లాక్కుపోతుంది. ఆరకుండా కారిపోతే చల్లదనం రాదు సరికదా, ఉప్పూ నీరూ దండగ. డాక్టరు ఆ క్రీము మాన్పించి ఫంగస్ మందు రాశారు. తడి లుంగీతో ఇంటిదాకా రావద్దని గట్టిగా చెప్పారు.

ఉక్క భరించలేక కొండెక్కుదామన్న ఆలోచన ఇక్కడ పాతదే. ఇప్పుడు మౌంట్ మణిపూర్ అంటున్న మౌంట్ హారియట్ బ్రిటిష్ అధికారుల వేసవి విడిది. వైస్రాయ్ లార్డ్ మేయో 1872 ఫిబ్రవరి 8న ఆ కొండెక్కింది అక్కడ ఆరోగ్య విడిది పెట్టవచ్చేమో చూద్దామనే. దిగివచ్చాక చీకట్లో, హోప్‌టౌన్ జెట్టీ దగ్గర షేర్ అలీ అనే ఖైదీ కత్తికి బలయ్యాడు. కొండ నాలుగు వందల మీటర్లు కూడా లేదు. వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీల లెక్కన పైన తగ్గేది రెండున్నర డిగ్రీలే. మిగతా హాయి గాలిది.

ఈ డాక్టరు దగ్గరికే వచ్చే రిటైరైన ఓ మాస్టారు మాత్రం నిజమైన కొండనే ఎంచుకున్నారు. దాదాపు 900 మీటర్ల ఎత్తున్న అరకు. గిరిజనేతరులు అక్కడ స్థలం కొనడానికి 1/70 చట్టం ఒప్పుకోదు కాబట్టి అద్దెకైనా ఉందామని జనవరిలో భార్యతో వెళ్లారు. ఆయనకు హాయిగా నిద్ర పట్టింది. ఆవిడకు ఉబ్బసం. పగలు ఎండ, తెల్లవారుజామున ఎముకలు కొరికే చలి, పొగమంచు. వారం తిరక్కుండా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

“ఇక్కడి జిడ్డే నయం డాక్టరుగారూ, ఊపిరన్నా ఆడుతుంది” అన్నారావిడ తిరిగొచ్చాక. అలాగని సముద్రపుగాలి ఉబ్బసానికి మందు కాదు. బూజు పట్టిన గోడలు ఇక్కడా ఆయాసం తెస్తాయి. డాక్టరు ముందు పడగ్గది గోడ సంగతి అడిగారు, తర్వాత ఇన్‌హేలరు పీల్చే తీరు చూశారు. ఆవిడ నొక్కేది ఒకప్పుడు, పీల్చేది ఇంకొకప్పుడు. స్పేసరు గొట్టం పెట్టి నేర్పించారు.

మాస్టారు అరకు ఆశ వదులుకోలేదు. ఈసారి ఏప్రిల్‌లో అంటున్నారు. ఇన్‌హేలరు సంచిలో ఉంటే డాక్టరుకూ అభ్యంతరం లేదు.