దేవుడి పూలు, ఎర్రల తొట్టి

పోయిన సమావేశంలో మా మిద్దె మీది వంకాయలు పంచినప్పుడు నలుగురైదుగురు "ఎరువేం వేస్తారు?" అని అడిగారు. "వానపాముల ఎరువు" అని ఒక్క మాట చెప్పి తప్పించుకున్నాం. ఆ ఎరువు వెనక మా తప్పొకటి, మా ఇంట్లో తగవొకటి ఉన్నాయి. ఈరోజు రెండూ చెబుతాం.

మేము తిరువళ్లూరులో ఉంటాం. అమ్మది తిరుత్తణి దగ్గర పల్లె. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చినప్పుడు ఆమె చిన్నపిల్ల. రాష్ట్రం మారింది గాని ఆమె మాట మారలేదు. మేము వానపాము అంటాం, పిల్లలు బడిలో నేర్చుకున్న మణ్‌పుళు అంటారు, వాళ్ల అవ్వకు మాత్రం అవి ఎర్రలు.

మొదటిసారి ఏప్రిల్ నెలలో మొదలుపెట్టాం. అదే మొదటి తప్పు. ప్లాస్టిక్ తొట్టికి అడుగున బెజ్జాలు పెట్టి, కొబ్బరిపీచు పరిచి, అప్పుడే తెచ్చిన పచ్చిపేడ నింపాం. దానిమీద కొనితెచ్చిన కిలో వానపాములను వదిలి, మిద్దె మీద రేకుల కింద పెట్టాం. ఇక ఉత్సాహం కొద్దీ వంటింట్లో మిగిలిందంతా అందులోకే: సాంబారన్నం, నిమ్మతొక్కలు, ఊరగాయ జాడీ అడుగున మిగిలింది కూడా.

నాలుగో రోజు మూత తీస్తే గుప్పుమని వాసన. లోపల చెయ్యి పెడితే సెగ. వానపాములు అంచుల మీదికి పాకి అక్కడే ఎండిపోయి ఉన్నాయి. పక్కింటివాళ్లు కూడా వాసనేమిటని అడిగారు.

అమ్మ మెట్లెక్కి వచ్చి చూసింది. "పచ్చిపేడ వేడి పుట్టిస్తుందని తెలీదా? అవేమన్నా బకాసురులా, ఇంత పెట్టినారు? ఒక్కటన్నా మిగల్లేదే" అంది. ఆమె తిట్టినందుకు కాదు, ఆ చివరి మాటకు మాకు తల దించుకోవాల్సి వచ్చింది. పిల్లలు రెండు రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాం. వానపాముకు ఊపిరితిత్తులు లేవు, చర్మంతోనే గాలి పీలుస్తుంది. ఒళ్లు ఆరినా, నీళ్లు నిలిచి గాలి ఆడకపోయినా బతకదు. 35 డిగ్రీలు దాటితే దానికి కష్టం. మన తిరుత్తణి ఎండ 40 దాటడం మనకెవరికీ కొత్త కాదు. చెన్నై న్యూ కాలేజీలో పనిచేసిన సుల్తాన్ అహ్మద్ ఇస్మాయిల్ గారు మన నేలలో దొరికే వానపాములతోనే మంచి ఎరువు చేయవచ్చని ఏళ్లుగా చెబుతూ వచ్చారు. అందుకే రెండోసారి కొనలేదు. ఊళ్లో మేనమామ పేడదిబ్బ అంచున తడిగా ఉన్నచోట తవ్వి, రెండు దోసిళ్లు తెచ్చుకున్నాం. పదిహేను రోజులు ఆరిన పేడ వేశాం. తొట్టిని కింద వేపచెట్టు నీడకు మార్చాం.

ఇక తగవు సంగతి. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు పూల కావడి తీసుకెళ్లడం మా ఇంటి ఆనవాయితీ. ఆ దండలు, ప్రతి శుక్రవారం పటాలకు వేసిన పూలు వాడిపోయాక ఏం చేయాలి? ఒకప్పుడు బావిలోనో చెరువులోనో వేసేవాళ్లు. ఇప్పుడు సంచిలో కట్టి చెత్తబండికి ఇస్తున్నాం. తొట్టిలో వేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "సామి మీది పూలు పురుగులకు వేస్తారా?" అని రెండు రోజులు మాతో ముభావంగా ఉంది. మేమూ బలవంతం చేయలేదు.

మూడో రోజు పొద్దున తానే ఆ పూలబుట్ట తెచ్చి తొట్టి దగ్గర పెట్టింది. "నిర్మాల్యం ఎవరూ తొక్కనిచోట చెట్టు మొదట్లో వేయమనేది మా అమ్మ. అక్కడ మాత్రం తినేదెవరు, ఎర్రలే కదా" అంది. కూర్చుని దండల దారాలన్నీ ఒక్కొక్కటిగా తీసింది. అరటినార అయితే లోపలే కుళ్లిపోతుంది, నైలాను దారం ఎన్నేళ్లయినా అట్లాగే ఉంటుంది. కుంకుమ, కర్పూరం అంటిన పూలను మాత్రం పక్కన పెట్టింది.

రెండు నెలలకు టీపొడిలాంటి నల్లటి ఎరువు వచ్చింది. తొలివాన పడినప్పటి మట్టి వాసన. మొదటి పిడికెడు అమ్మ తులసికోటలో వేసింది.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు మా అనుభవం ఇంతే. నీడ ఉండాలి. పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు. పైన తడి గోనెపట్టా కప్పండి. చీమలు పట్టకుండా తొట్టి కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. కూరగాయ తొక్కలు, ఎండాకులు, పూలు, కాఫీ పిప్పి వేయవచ్చు. ఉప్పు, నూనె, పులుపు, మాంసం వద్దు. అన్నిటికంటే ముఖ్యం, వేసింది తిన్నాకే మళ్లీ వేయండి. మేము చేసిన హత్య ఆకలితో జరిగింది కాదు, అతిగా పెట్టడంతో జరిగింది.

ఎండలు తగ్గాక మొదలుపెడితే మేలు. వచ్చే సమావేశానికి ఒక చిన్న డబ్బా తెచ్చుకోండి, పిడికెడు ఎర్రలు ఇస్తాం. డబ్బు వద్దు. మీ తొట్టిలో అవి పెరిగాక ఇంకొకరికి పిడికెడు ఇవ్వండి, చాలు.