పదిహేను రోజుల్లోగా అభ్యంతరాలు

కొన్నేళ్ల కిందటి సంగతి. పొద్దున్నే నాన్న పేపరు తెచ్చి నా లాప్‌టాప్ మీద పరిచి, "అరేయ్, ఇది మన వెనక గోడదే గదరా?" అన్నాడు. చూస్తే క్లాసిఫైడ్స్ మధ్యలో చిన్న డబ్బా ప్రకటన. ఫలానా సర్వే నంబరులోని ఇన్ని గజాల భూమిని మాన్యుఫాక్చరింగ్ యూజ్ జోన్ నుంచి రెసిడెన్షియల్ యూజ్ జోన్‌కి మారుద్దామనుకుంటున్నారట, పదిహేను రోజుల్లోగా అభ్యంతరాలు, సలహాలు పంపొచ్చట. కింద హద్దులు. ఉత్తరాన ఇంకో సర్వే నంబరు, దక్షిణాన మరోటి, పడమర రోడ్డు. మా గల్లీ పేరు గానీ, ఫ్యాక్టరీ పేరు గానీ ఎక్కడా లేవు. ఆ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు కాబట్టి నాన్నకి ఆ నంబరు తెలుసు. లేకపోతే మాకూ తెలిసేది కాదు.

మాది నాచారం. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి, ఈ పక్కంతా ఫ్యాక్టరీల చుట్టూ పెరిగిందే. హెచ్ఎంటీ నగర్ పేరు వింటేనే తెలిసిపోతుంది. పెద్ద ఈఎస్ఐ ఆసుపత్రి ఇక్కడే ఎందుకుందో కూడా వేరే చెప్పక్కర్లేదు.

నాకప్పుడు మాస్టర్ ప్లాన్ అంటే రంగుల మ్యాపు అని తప్ప ఏమీ తెలీదు. కూర్చుని చదివాను. పద్ధతి ఏంటంటే, భూమి యజమాని హెచ్ఎండీఏకి దరఖాస్తు పెడతాడు. వాళ్లు ప్లాన్‌లో ఆ స్థలం ఏ జోన్‌లో ఉంది, ఎంత రోడ్డుంది, చుట్టూ ఏముంది అని చూసి పురపాలక శాఖకి రాస్తారు. ప్రకటన వస్తుంది, అభ్యంతరాలు తీసుకుంటారు, ఛార్జీలు కట్టించుకుంటారు, చివరికి జీవో. ఆ జీవోల్లో తరచూ ఓ షరతు కనిపిస్తుంది: ఈ మార్పిడిని భూమి మీద హక్కుకి రుజువుగా చూపించకూడదని. జోన్ మారుస్తాం గానీ భూమి ఎవరిదో మేం చెప్పం, అన్నమాట!

మేం రోజూ చేసే కోడ్ రివ్యూ కూడా ఇంతే. నలభై లైన్ల మార్పు వస్తుంది, ఆ నలభై లైన్లూ బాగానే ఉంటాయి, ఓకే కొట్టేస్తాం. ఏడాది తర్వాత చూస్తే మాడ్యూల్ మొత్తం ఇంకేదో అయిపోయి ఉంటుంది. అలా అవ్వాలని మాత్రం ఎవరూ ఆమోదించలేదు. ఫ్యాక్టరీ మూతపడింది, పక్కన ఇళ్లున్నాయి, రోడ్డుంది... ఆ ఒక్క ప్లాటు ఫైలు చూస్తే నేనైనా సరే అనేవాణ్ణే.

అయినా రాశాం. వానాకాలంలో గల్లీలో నీళ్లు నిలవడం, డ్రైనేజీ లైను, నాచారం పెద్ద చెరువు సంగతి, అన్నీ పాయింట్లుగా టైపు చేశాను. నాన్న ఇంకొకటి చేర్చమన్నాడు. మూసేసినప్పుడు ఇవ్వాల్సిన గ్రాట్యుటీ చాలామందికి ఇంకా రాలేదు, అది తేలేదాకా మార్చొద్దని.

"అది భూవినియోగం కిందికి రాదు నాన్నా. అది రాస్తే మిగతావి కూడా పట్టించుకోరు."

"ఇన్నేండ్లు ఆ భూమిని వినియోగించింది మేమే గదరా," అన్నాడు.

నేను ఆ వాక్యం పెట్టలేదు. టెక్నికల్‌గా నాదే కరెక్టు, ఇప్పుడూ అదే అంటాను. ఆఫీసులో కాగితం తీసుకుని స్టాంపు వేసిన కాపీ చేతిలో పెట్టారు. అంతే. పిలుపూ లేదు, జవాబూ లేదు. ఇప్పుడక్కడ రెండు టవర్లున్నాయి.

నేనేదో పెద్ద పోరాటం చేశానని కాదు. నేను పనిచేసే ఉప్పల్ బిల్డింగు కూడా ఒకప్పటి ఫ్యాక్టరీ జాగాలోదే. ఐటీ అంతా పడమర పక్కకే పోతోందని, ఇటు కూడా రావాలని 2020లో గ్రిడ్ పాలసీ తెచ్చినప్పుడు ఎగిరి గంతేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. రోజూ గచ్చిబౌలి పోయొచ్చే ఫ్రెండ్స్‌ని చూస్తే ఇప్పటికీ నాకు జాలే.

2025 నవంబరులో హిల్ట్ పాలసీ వచ్చింది. అవుటర్ రింగురోడ్డు లోపలున్న 22 పారిశ్రామిక వాడలు, దాదాపు 9,292 ఎకరాలు. ఉప్పల్, నాచారం కూడా అందులో ఉన్నాయి. ఫీజు సబ్ రిజిస్ట్రార్ విలువలో 30 శాతం, 80 అడుగులు లేదా అంతకన్నా పెద్ద రోడ్డు మీదుంటే 50 శాతం. కట్టేస్తే అపార్టుమెంట్లు, ఆఫీసులు కట్టుకోవచ్చు. కాలుష్యాన్ని ఊరవతలికి పంపడానికే అంది ప్రభుత్వం, కుంభకోణం అంది ప్రతిపక్షం. మూసీలో కలిసే నీళ్లు చూసిన ఎవరైనా మొదటి మాట కొట్టిపారెయ్యలేరు. కానీ ఒకప్పుడు ఉద్యోగాలొస్తాయని ప్రభుత్వం చవగ్గా ఇచ్చిన భూములివి. మార్కెట్ రేటు చూడకుండా రిజిస్ట్రేషన్ విలువ మీద లెక్క కట్టడం నాకైతే మింగుడుపడలేదు. ఒక్కో ప్లాటుగా నడిచింది ఇప్పుడు ఒకే దెబ్బకి నడుస్తుంది. ఇంత పెద్ద మార్పుని మా ఆఫీసులో ఎవరైనా ఒకేసారి పంపితే తెరవకుండానే వెనక్కి కొట్టేస్తాం.

రాత్రి టీవీలో దాని గురించి చర్చ నడుస్తుంటే నాన్న సౌండు తగ్గించి, "ఈసారి ఎన్ని దినాలిచ్చిండ్రు?" అని అడిగాడు.

చదివి చెప్తానన్నాను.

"రాస్తే నాది తీసెయ్యకు," అన్నాడు.