లేపాక్షి నుంచి నాన్నకు

లేపాక్షి,
శ్రావణమాసం.

నాన్నా,

మన కోనసీమలో పచ్చదనాన్ని ఎవరూ ఆగి చూడరు, ఎప్పుడూ ఉండేదే గనక. ఇక్కడ చూస్తున్నారు. మొన్న రాత్రి గట్టి వాన పడిందట. హిందూపురం నుంచి బస్సులో వస్తుంటే పక్కన కూర్చున్న పెద్దాయన కిటికీలోంచి ప్రతి చేనూ చూపిస్తూ "పదునైంది, పదునైంది" అంటూనే ఉన్నాడు. ఎర్రమట్టిలో చెనిక్కాయ సాళ్ళు, మధ్యలో కంది మొక్కలు, బండల సందుల్లో కూడా గడ్డి. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే కురిసేస్తాయి, ఈశాన్య మేఘాలు వచ్చే సముద్రమేమో దూరం. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వానతోనే అనంతపురం సీమ బతకాలి. మనకు కాలువ వస్తుంది, వీళ్ళకు మబ్బే రావాలి.

ఇక్కడి పెద్ద నంది, లేపాక్షి బసవన్న, గుడి లోపల లేడు. రోడ్డు పక్కన, ఆకాశం కింద కూర్చున్నాడు. 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు, ఒకే రాయి. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ సోదరులు వీరభద్రాలయం కట్టించిన రోజుల నాటి పని. చుట్టూ చేలల్లో పైకి తేలిన గుండ్లదీ ఈయనదీ ఒకటే గ్రానైటు. వాన తడికి వెన్ను నల్లబడి నిగనిగలాడుతోంది. చాలా గుళ్ళలో నంది ఒదిగి కూర్చుంటుంది. ఈయన తల ఎత్తి, చెవులు నిక్కించి, ఇప్పుడే లేవబోతున్నట్టున్నాడు. మెడలో గంటల వరస, దాని కింద గంగడోలు మడతలు చూస్తే, చెక్కినవాడు ఎద్దుల మధ్య పెరిగినవాడే అనిపించింది. మన గోదావరి కవి అడివి బాపిరాజు గారు ఇంత దూరపు బసవయ్య మీద పాట ఎందుకు కట్టారో ఎదురుగా నిలబడితే గాని తెలియలేదు.

2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో గుడి, బసవన్న కలిసే చేరాయి. ఈ చేలను కూడా అంత జాగ్రత్తగా కాపాడాలంటాను నేను. ప్లాట్ల హద్దురాళ్ళ మధ్య పెడితే ఈ ఎద్దు వట్టి బొమ్మే అవుతుంది. పైరు మధ్య ఉంటేనే రైతు ఇంటి పశువు.

మీరూ అమ్మా ఈ పచ్చదనం ఉండగానే రండి. హిందూపురం స్టేషన్‌లో దిగితే బస్సులో పదిహేను కిలోమీటర్లే.

మీ అబ్బాయి