రామ్‌పూర్‌లో కొన్న చాకు

మడత చాకు అనగానే మీకు పాత సినిమాలోని రౌడీ గుర్తుకు రావచ్చు. టకటకమని శబ్దం చేస్తూ అలుగు బయటికి వస్తుంది. (అలుగు అంటే కత్తిలో కోసే భాగం.) మాకు మాత్రం చాకు ఒక పనిముట్టు. మాది తూర్పు గోదావరి జిల్లా కడియం ప్రాంతం. అక్కడి నర్సరీలలో మేము మామిడి అంట్లు కడతాం. వేరుమొక్క తల కోసి, మధ్యకు చీల్చి, అంటుకొమ్మ మొదలును రెండు వైపులా వాలుగా చెక్కి అందులో కూర్చాలి. కోత ఒక్క ఊపులో నున్నగా పడాలి. మొద్దుబారిన కత్తితో కోస్తే తొక్క నలుగుతుంది, అంటు ఎండిపోతుంది. వందలో ఇరవై పోయినా ఆ నష్టం మాదే.

2024లో మలీహాబాద్ మామిడి తోటలు చూడడానికి మా తమ్ముడూ నేనూ లక్నో వెళ్ళాం. తిరుగు ప్రయాణం ఢిల్లీ మీదుగా. ఆ దారిలో బరేలీకీ మొరాదాబాద్‌కీ మధ్య రామ్‌పూర్ ఉంది. రజా గ్రంథాలయం వల్ల పండితులకూ, చాకుల వల్ల మిగతావాళ్ళకూ తెలిసిన ఊరది. నవాబుల కాలం నుంచి అక్కడ చేత్తో చాకులు చేస్తున్నారు. 1990లలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలకు మించిన అలుగు గల చాకులను నిషేధించింది. దానితో ఆ పని బాగా తగ్గింది. యంత్రాల మీద తయారైన చవక చాకులు మిగిలిన గిరాకీని లాక్కున్నాయి. 2023లో ఆ ఊరి కూడలిలో ఇరవై అడుగుల చాకును నిలబెట్టారు. చూడడానికి బాగానే ఉంది. చాకులు చేసే మనిషిని వెతకడానికే మాకు ఒక పూట పట్టింది.

నాకు కావలసింది మూడు అంగుళాల అలుగు. కనుక చట్టంతో పేచీ లేదు. బజారులో మొదటి దుకాణంవాడు అద్దంలా మెరిసే చాకును నూట యాభైకే ఇస్తానన్నాడు. తెరిచి అలుగును పక్కలకు కదిపితే ఊగింది. మీరు ఎక్కడ మడత చాకు కొన్నా మెరుపు చూడకండి, ముందు ఇలా కదిపి చూడండి. మడత చాకు ప్రాణమంతా అలుగునూ పిడినీ కలిపే ఆ ఒక్క మేకులో ఉంటుంది. దాని తల మీద సుత్తి దెబ్బ ఎక్కువైతే చాకు తెరుచుకోదు. తక్కువైతే అలుగు ఊగి కోత వంకర పోతుంది. ఇక పిడి వెనక ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. చాకు తెరిచినప్పుడు అది అలుగు మొదట్లోని గాడిలో టక్కున పడాలి. పడకపోతే, కోస్తుండగా చాకు ముడుచుకుని వేళ్ళ మీదికి వస్తుంది.

చివరికి ఒక సందులో, అరవై దాటిన పనివారు ఒకరు దొరికారు. నా హిందీ అంతంత మాత్రం. అందుకని ఒక అగ్గిపుల్లను వాలుగా చెక్కి నా పని ఏమిటో చూపించాను. ఆయన నవ్వి ఒక చాకు తీసి ఇచ్చారు. కదిపాను. వెంట్రుకవాసి ఊగింది. ఆయన మారు మాట్లాడకుండా దాన్ని దాగలి మీద పెట్టి, మేకు తల మీద రెండు చిన్న దెబ్బలు వేశారు. తెరిచి చూసి, ఇంకో అర దెబ్బ వేశారు. అంతే, ఊగడం ఆగిపోయింది.

ధర ఆరు వందలు. నాలుగు వందలకు అడగమని తమ్ముడు మోచేత్తో పొడిచాడు. వంకాయల దగ్గర నేనూ బేరమాడతాను. కానీ ఒక చాకుకు ఆయనకు ఒక పూట పైనే పడుతుందట. అందులో ఇత్తడి, ఉక్కు, బొగ్గు ఖర్చు పోను మిగిలేదెంత? ఆరు వందలూ ఇచ్చి, ఇత్తడి పిడి మీద ఆయన పేరు చెక్కించుకున్నాను.

అది స్టెయిన్‌లెస్ ఉక్కు కాదు. మామిడి సొన తగిలితే మచ్చ పడుతుంది. అందుకే పని కాగానే పొడిగుడ్డతో తుడిచి, మేకు దగ్గర ఒక చుక్క కుట్టుమిషను నూనె వేస్తాను. కొబ్బరినూనె కొన్నాళ్ళకు జిగురు కడుతుంది.

చాకు చూసి మా నర్సరీవాళ్ళు తమకూ పది కావాలన్నారు. ఫోను చేస్తే రెండు నెలలు పడుతుందన్నారాయన. మీ అబ్బాయిలు సాయం చెయ్యరా అని అడిగాను. ఇద్దరూ ఈ-రిక్షాలు నడుపుకుంటున్నారట. సగం డబ్బు ముందే పంపించాం. మొరాదాబాద్ వైపు మొక్కలు తీసుకువెళ్ళే లారీ డ్రైవరు తిరుగు దారిలో చాకులు తెస్తానన్నాడు. తొలకరిలోగా వస్తే ఈ ఏటి అంట్లకు అందుతాయి.